దేవదాసు: ముందు నవల చదివి, తర్వాత 1953 సినిమా చూడాలనుకునేవాళ్లకి

మొట్టమొదట చేయాల్సిన పని, మీ బుర్రలో ఉన్న దేవదాసు బొమ్మని కాసేపు పక్కన పెట్టడం. మాసిన గడ్డం, భుజం మీద శాలువా, చేతిలో సీసా, పక్కన కుక్క. ఎవడైనా నాలుగు రోజులు గడ్డం గీసుకోకపోతే "ఏరా, దేవదాసువయ్యావా" అని అడుగుతాం కదా, ఆ బొమ్మ. బెంగాలీ రచయిత శరత్ రాసిన నవలలో ఆ కుక్క లేదు. తాగుడు కూడా చాలా ఆలస్యంగా వస్తుంది. అక్కడిదాకా మీరు చదివేది ఏ నిర్ణయమూ టైముకి తీసుకోలేని ఒక అబ్బాయి కథ.

ఆర్డర్ విషయానికొస్తే నవలే ముందు. పెద్ద పుస్తకమేం కాదు, రెండు సాయంత్రాలు చాలు. శరత్ చంద్ర ఛటోపాధ్యాయ ఇరవైల్లో ఉన్నప్పుడు రాసిపెట్టుకున్నది, అచ్చయింది మాత్రం 1917లో. శరత్‌ని తెలుగులోకి తెచ్చినవాళ్లలో ముందు చక్రపాణి పేరే చెప్తారు. ఆయన చలవో ఏమో గానీ మా అమ్మమ్మకి శరత్ బెంగాలీ అని చాలాకాలం తెలియదు, మనవాడే అనుకునేది. ఏ అనువాదం దొరికినా పర్లేదు, మొదలుపెట్టండి.

చదివేటప్పుడు చిన్ననాటి భాగాన్ని గబగబా దాటేయకండి, నేను మొదటిసారి అదే చేశాను, తప్పు. మండుటెండలో బడి, దేవదాసు ఒక కుర్రాణ్ణి సున్నం కుప్పలోకి తోసేసి పారిపోవడం, పార్వతి కొంగున మరమరాలు కట్టుకుని వాడు దాక్కున్న చోటికి వెళ్లడం... అన్నీ సరదాగా ఉంటాయి గానీ అసలు చూడాల్సింది మూడు రూపాయల సంగతి. దాచమని దేవదాసు ఇచ్చిన మూడు రూపాయల్నీ పార్వతి, పాట పాడిన ముగ్గురు వైష్ణవ స్త్రీలకి ఇచ్చేస్తుంది. దేవదాసు వచ్చి, నేనైతే రెండే ఇచ్చేవాణ్ణి అంటాడు, రెండు రూపాయలు ముగ్గురికి ఎలా పంచాలో అణాల్లో లెక్క కూడా కడతాడు. ఆ అమ్మాయి క్షణంలో చేసేసే పనికి ఈ అబ్బాయి లెక్కలు వేస్తూ కూర్చుంటాడన్నమాట. మిగతా కథంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది.

తర్వాత ఉత్తరం దగ్గర ఆగండి. ఇక్కడ పార్వతికి పదమూడేళ్లు. అర్ధరాత్రి, పరువు సంగతి కూడా పక్కన పెట్టి, దేవదాసు గదికి తనే వెళ్తుంది. వాడు పెళ్లి సంగతి తండ్రిని అడుగుతాడు, ఆయన కాదంటాడు, వీడు కలకత్తా వెళ్లిపోయి నీ మీద నాకు అంత ప్రేమేమీ లేదన్నట్టు ఒక ఉత్తరం రాసి పోస్ట్ చేస్తాడు, చేశాక గుండెల్లో రాయి పడుతుంది. తిరిగొచ్చేసరికి పార్వతికి వేరే సంబంధం కుదిరిపోయింది. చెరువు రేవులో బిందెతో వచ్చిన పార్వతికీ చేతిలో గేలం కర్ర ఉన్న దేవదాసుకీ మాటామాటా పెరుగుతుంది. చంద్రుడికీ మచ్చ ఉంటుంది, నీకూ ఒకటి పెడతాను అని ఆ కర్రతో నుదుటి మీద కొడతాడు. ఈ రెండు మూడు పేజీలకి పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, సినిమా చూసేటప్పుడు పనికొస్తాయి. దీన్ని ప్రేమ అని సరిపెట్టుకోకండి, నాకైతే ప్రతిసారీ ఒళ్లు మండుతుంది.

కలకత్తాలో దేవదాసుకి పరిచయమయ్యే వేశ్య చంద్రముఖి. ఆమె అధ్యాయాలు దాటేయొద్దు. ఆమె నగరం వదిలి పల్లెకి వెళ్లి ఉండటం, మళ్లీ ఇతన్ని వెతుక్కుంటూ రావడం నవలలోనే తీరిగ్గా ఉంటుంది.

ఇక సినిమా. వెంటనే వద్దు, రెండు రోజులు ఆగండి. వేదాంతం రాఘవయ్య డైరెక్షన్, వినోదా వారి నిర్మాణం, అక్కినేని, సావిత్రి, చంద్రముఖిగా లలిత. మూడు గంటలకి పైనే ఉంటుంది కాబట్టి రాత్రి భోజనాలయ్యాక మొదలుపెడితే సగంలో నిద్రొస్తుంది, ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోండి. పాత ప్రింటు, సౌండ్ అక్కడక్కడా బరబరలాడుతుంది, ఇయర్‌ఫోన్స్ ఉంటే మేలు.

చూస్తూ "ఇది తీసేశారు, అది మార్చేశారు" అని లెక్క రాసుకోవడం దండగ. దాని బదులు ఒక్క పని చేయండి: పాట వచ్చినప్పుడల్లా, ఇది నవలలో ఎవరి మాట అని అడగండి. నవలలో దేవదాసు పెద్దగా మాట్లాడడు, వాడి తరఫున రచయితే మాట్లాడతాడు. సినిమాలో రచయిత గొంతు ఉండదు కదా, ఆ పని సముద్రాల మాటలూ, సుబ్బరామన్ బాణీలూ, ఘంటసాల గొంతూ పంచుకున్నాయి. (సినిమా విడుదలకి ముందే, 1952లో, సుబ్బరామన్ పోయారు.) "కుడి ఎడమైతే", "జగమే మాయ" విన్నాక బెంగాలీ జమీందారు కొడుకు కాస్తా మన తత్వాలు పాడే బైరాగిలా తయారవుతాడు. శరత్ దేవదాసు ఇలా వేదాంతం చెప్పే మనిషి కాదు. తెలుగువాళ్లకి వాడు ఇంతగా దగ్గరవ్వడానికి కారణం ఆ మార్పేనని నేను గట్టిగా అంటాను, కాదనేవాళ్లు కాదనండి.

అక్కినేని కళ్లు కూడా గమనించండి. ఆ మత్తు చూపు కోసం రాత్రిళ్లు షూటింగ్ చేశారని ఆయనే చెప్పుకున్నారు. సావిత్రి విషయంలో ఇంకోటి: తెర మీద కనిపించేది పదమూడేళ్ల పిల్ల కాదు, ఎదిగిన ఆడపిల్ల. అందుకే అర్ధరాత్రి గదికి వెళ్లే ఘట్టం పుస్తకంలో భయపెడుతుంది, సినిమాలో ధైర్యంగా కనిపిస్తుంది. అప్పుడు పెన్సిల్ గుర్తున్న పేజీలు తీసి ఒకసారి పక్కపక్కన పెట్టుకోండి.

సినిమా అయిపోగానే టీవీ కట్టేసి నవల చివరి అధ్యాయం మళ్లీ చదవండి. రైలు దిగి ఎద్దుబండిలో పోతూ, ఇంకా ఎంత దూరం అని బండివాణ్ణి అడుగుతూనే ఉంటాడు. ఆఖరి పేరాలో శరత్ కథ ఆపేసి నేరుగా మనతోనే మాట్లాడతాడు, ఆ పేరా మాత్రం పైకి చదవండి.

బిమల్ రాయ్ తీసిన 1955 హిందీ సినిమా కూడా చూడాలనిపిస్తే ఒక వారం ఆగండి. ఘంటసాల ఇంకా చెవిలో ఉండగా చూస్తే దిలీప్ కుమార్‌కి అన్యాయం చేసినవాళ్లవుతారు.