ఐదు ప్రశ్నలతో మనసు కొలవడం: బెంగళూరులో తెలుగు విద్యార్థుల సర్వే చేసేవాళ్లకు

ఫారం తయారుచేసే ముందు ఒకటి తేల్చుకోండి: స్కోరు బాగా తక్కువ వచ్చిన పిల్లతో ఎవరు మాట్లాడతారు? ఆ మనిషి పేరు, ఫోను నంబరు చేతిలో లేకపోతే సర్వే వాయిదా వేయండి. అడిగి వదిలేయడం అడగకపోవడం కన్నా చెడ్డది.

మొదటిసారి చేసేవాళ్లకు మనసు ఎంత బాగుందో కొలిచే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐదు ప్రశ్నల ఫారం డబ్ల్యూహెచ్‌ఓ-5 సరిపోతుంది. గడిచిన రెండు వారాల్లో ఉల్లాసం, ప్రశాంతత, చురుకుదనం, నిద్ర లేచేసరికి అలసట తీరడం, రోజువారీ పనుల్లో ఆసక్తి ఎంతకాలం ఉన్నాయో అడుగుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త కరోల్ రిఫ్ 1989లో ఇచ్చిన ఆరు కోణాల కొలత ఇంకా లోతైనదే. కానీ దాని 18 ప్రశ్నల పొట్టి రూపంలో కోణానికి మూడే ప్రశ్నలు. విడివిడి స్కోర్లు నిలకడగా రావు.

అసలు చిక్కు తెలుగు మాటల్లో ఉంది. అధీకృత తెలుగు ప్రతి దొరికితే అక్షరం మార్చకండి. లేకపోతే ఇద్దరు విడివిడిగా అనువదించాలి, మూలం చూడని మూడో మనిషి దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. తర్వాత పదిమంది విద్యార్థులను కూర్చోబెట్టి, 'ఈ ప్రశ్న మీకేం అర్థమైంది?' అని అడగండి. 'పొద్దున్నే ఫ్రెష్‌గా ఉన్నాను' అని రాస్తే పీజీ కుర్రాడికి స్నానం గుర్తొస్తుంది. 'తీరుబడిగా' అంటే ఖాళీ సమయం అనుకుంటారు. 'ఓపిక' అంటే ఒకరికి సత్తువ, ఇంకొకరికి సహనం. ఇక్కడే పుట్టి పెరిగిన చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వాళ్లకు ప్రశ్నలు చదివి వినిపించండి, జవాబు మాత్రం వాళ్ల చేతే గుర్తు పెట్టించండి. ఎదురుగా ఉన్న అన్నకో మేడమ్‌కో నోటితో చెప్పమంటే 'బాగానే ఉన్నానండి' అనేస్తారు.

ఒక్కో జవాబుకు 0 నుంచి 5 మార్కులు: 'ఎప్పుడూ లేదు' 0, 'అన్ని వేళలా' 5. ఆన్‌లైన్ ఫారంలో 1 నుంచి 6 అని పెట్టేసి, అలాగే కూడటం తరచూ జరిగే తప్పు. మొత్తం 5 ఎక్కువ వస్తుంది. కూడిక 25కి ఉంటుంది, దాన్ని 4తో గుణించాలి. 3, 2, 2, 1, 3 అయితే 11. అంటే నూటికి 44. 50 కన్నా తక్కువైతే ఇంకాస్త వివరంగా మాట్లాడాలని అర్థం. డిప్రెషన్ ఉందని నిర్ధారణ కాదు, ఆ మాట వైద్యులే చెప్పాలి. వదిలేసిన ప్రశ్నకు సున్నా వేయకండి, ఆ ఫారాన్ని లెక్కలోంచి తీసేయండి.

ఎప్పుడు అడిగారన్నదీ ముఖ్యమే. ఇంటర్నల్స్ వారంలో అడిగితే పరీక్షల భయం కొలిచినట్టు, సంక్రాంతికి ఊరెళ్లి రాగానే అడిగితే అమ్మచేతి వంట కొలిచినట్టు. రెండోసారి కొలిచేటప్పుడు సెమిస్టర్‌లో అదే దశ చూసుకోండి. ఒకే మనిషి స్కోరు నూటికి 10 పాయింట్లైనా మారితేనే మార్పుగా లెక్కించండి. పెద్దవాళ్లలో చేస్తుంటే లాల్‌బాగ్‌లో పొద్దున్నే నడిచేవాళ్లతో సరిపెట్టకండి. నడవగలిగి, తీరిక ఉన్నవాళ్లే అక్కడికొస్తారు. నైట్ షిఫ్టు చేసి పడుకున్నవాడు రాడు.

పేర్లు వద్దు, కోడ్ చాలు. కోడ్‌కీ పేరుకీ ముడిపెట్టే జాబితా సహాయం చేసే ఆ ఒక్కరి దగ్గరే తాళంలో ఉండాలి. తక్కువ స్కోరు వస్తే వాళ్లే పలకరిస్తారని ఫారం మొదట్లోనే చెప్పండి. 18 ఏళ్లు నిండనివాళ్లకు తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి. ముగ్గురుండే గది సగటు బయటపెడితే ఎవరి స్కోరో ఇట్టే తెలిసిపోతుంది, పదిమందికి తక్కువున్న గుంపు ఫలితం చెప్పకండి.

డిప్రెషన్ లక్షణాలు అడిగే తొమ్మిది ప్రశ్నల ఫారం పీహెచ్‌క్యూ-9 కూడా కలిపితే, అందులో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి సున్నా కాక వేరే ఏది వచ్చినా ఆ రోజే పలకరించాలి, కాబట్టి ఫారాలు సాయంత్రంలోగా చూసేయండి. ప్రతి ఫారం చివర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను లైను టెలిమానస్ నంబరు 14416 పెద్ద అక్షరాల్లో వేయండి. ఉచితం, రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.