పాత గాజు దీపాలు కొనేముందు – మూడో పాఠం: గాలే సంతకం పక్కన ఏముంది?

పోయిన పాఠంలో ఇంట్లో ఉన్న పాత గాజు సామాను తిరగేసి, అడుగు భాగం భూతద్దంతో చూడమన్నాను కదా. చూసినవాళ్లకి అర్థమయ్యే ఉంటుంది, ఏళ్ల తరబడి బల్ల మీద అటూ ఇటూ జరిగిన వస్తువుకి గీతలు అడ్డదిడ్డంగా, సన్నగా, సరిగ్గా బల్లకి ఆనే అంచు మీదే పడతాయి. గరుకు కాగితంతో రుద్ది పాతదనం తెప్పిస్తే గీతలన్నీ ఒకే వైపుకి ఉంటాయి, ఆనని చోట కూడా ఉంటాయి. ఇది మర్చిపోవద్దు, ఇవాళ్టి పాఠంలోనూ కావాలి.

ఇవాళ గాజు కళాకారుడు ఎమిల్ గాలే. ఫ్రాన్స్‌లో నాన్సీ అనే ఊళ్లో 1846లో పుట్టాడు, 1904లో పోయాడు. మొక్కల శాస్త్రం బాగా చదువుకున్న మనిషి, అందుకే ఆయన గాజు మీద ఆకూ పువ్వూ ఏదో అలంకారానికి గీసినట్టుండవు, ఫలానా మొక్క అని తెలిసేలా ఉంటాయి. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆయన పోయాక కూడా ఫ్యాక్టరీ 1930ల దాకా నడిచింది, ఆయన పేరే వేస్తూ వచ్చింది. ఇప్పుడు బజారుకి వచ్చే గాలే సరుకులో ఎక్కువ భాగం అలా ఫ్యాక్టరీలో తయారైందే. ఆయన పోయిన కొత్తలో కొన్నేళ్లు పేరు పక్కన చిన్న నక్షత్రం కూడా వేశారు. ఇవన్నీ అసలువే, నకిలీలు కావు, కానీ 'గాలే స్వయంగా చేసిన దీపం' అని ఎవరైనా ధర చెబితే ఆ మాట దగ్గర ఆగి అడగాలి.

అసలు ఈ గాజు ఎలా చేస్తారో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. లోపల లేత రంగు గాజు, దాని మీద ఒకటో రెండో ముదురు పొరలు, వేడి మీదే ఒకదానికొకటి అతికిపోతాయి. చల్లారాక, బొమ్మ మిగలాల్సిన చోట ఆసిడ్ అంటకుండా పూత పూసి హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్‌లో ముంచుతారు. పూత లేని చోట పై పొరని ఆసిడ్ తినేస్తుంది, కింది రంగు బయటపడుతుంది. మళ్లీ పూత, మళ్లీ ముంచడం. అలా రెండు మూడు దఫాలు చేస్తే ఒకే ఊదా రంగు కాడ దగ్గర చిక్కగా, రేకు చివర పల్చగా దిగుతుంది. షేడ్ లోపల టార్చి పెట్టి బయట నుంచి చూడండి, ఆ దిగడం కంటికి కనిపించాలి. రంగంతా ఒకే మందంలో ఉండి, బొమ్మ అంచు స్టిక్కర్ కత్తిరించి అతికించినట్టు నిటారుగా ఉంటే నాకైతే అనుమానమే. అంచు మందంలో పొరలు విడివిడిగా కనిపిస్తాయా అన్నదీ చూడండి. పైన రంగు పూసిన సరుకైతే అక్కడే తెలిసిపోతుంది.

అయితే పొరలున్నాయి కాబట్టి అసలుది అనుకోవద్దు. రుమేనియాలో ఇదే ఆసిడ్ పద్ధతిలో, ఇదే తీరులో మంచి పనివాళ్లు ఇప్పటికీ చేస్తున్నారు. వాళ్లు మోసగాళ్లు కారు. గాలే పేరుతో పాటు 'టిప్' (TIP) అని మూడు ఇంగ్లీషు అక్షరాలు కూడా వేస్తారు, రుమేనియన్ భాషలో దానికి 'తరహా' అని అర్థం, అంటే 'గాలే తరహా' అని నిజాయితీగా చెప్పి అమ్ముతున్నారన్నమాట. ఆ మూడక్షరాలు అరగదీసి పేరు ఒక్కటే మిగిల్చేది మధ్యలో చేతులు మార్చేవాళ్లు.

అందుకే నేను సంతకం కంటే సంతకం చుట్టుపక్కలే ఎక్కువసేపు చూస్తాను. హైదరాబాద్‌లో ఒక స్నేహితుడు దీపం తెచ్చి చూపించాడు, గోధుమ రంగులో చెట్లు, వెనక చెరువు, చూడ్డానికి చాలా బాగుంది, ఏదో పాత దేవిడీలోంచి, అంటే నవాబుల కాలం నాటి బంగళాలోంచి వచ్చిందని అమ్మినాయన చెప్పాడట. గదిలో లైటు ఆర్పి, టార్చిని గాజుకి దాదాపు ఆనించి ఏటవాలుగా వేశాం. బొమ్మల వెనక గాజంతా మసకగా, పొడిగా ఉంది, పేరు పక్కన మాత్రం బొటనవేలి గోరంత మేర నున్నగా మెరిసింది. వేలితో రాస్తే సన్నటి పల్లం. అంటే అక్కడున్న 'టిప్'ని ఎవరో అరగదీశారన్నమాట. అడ్వాన్సు అప్పటికే ఇచ్చేశాడు, అది తిరిగి రాలేదు.

ఈ ఫ్యాక్టరీ సరుకులో సంతకం కూడా బొమ్మతో పాటే, అదే పొరలోంచి, ఉబ్బెత్తుగా తేలి ఉంటుంది. దాని ఎత్తూ రంగూ పక్కనున్న ఆకుతో సరిపోవాలి. తర్వాత సూదితో గీకినట్టు ఉంటే ఒప్పుకోవద్దు.

దీపానికి ఇంకో చిక్కు ఉంది, అది రెండు ముక్కలు. షేడూ గాజే, కింద స్టాండూ గాజే, చాలావరకు రెండింటి మీదా సంతకం ఉంటుంది. షేడ్ పగిలిపోతే ఇంకో దీపం షేడ్ తెచ్చి పెట్టేస్తారు, విడివిడిగా చూస్తే రెండూ అసలువే, కానీ జత కాదు. లైటు వేసి దూరం నుంచి చూడండి, పైన గన్నేరు కింద ద్రాక్ష ఉంటే అడగక్కర్లేదు. కొన్నిసార్లు పూలకుండీకి అడుగున బెజ్జం వేసి దీపం స్టాండుగా మార్చేస్తారు. ఆ బెజ్జం అంచుని భూతద్దంతో చూస్తే తెల్లగా చిన్న చిన్న పెచ్చులు లేచి ఉంటాయి. పెచ్చు ఊడిన షేడ్ అంచుని అరగదీసి సరిచేయడమూ మామూలే, అప్పుడు బొమ్మ పై అంచు దగ్గర అర్ధాంతరంగా తెగినట్టు కనిపిస్తుంది. వైరు కొత్తగా ఉంటే మాత్రం టెన్షన్ పడకండి, షాకు కొట్టకుండా మార్పించడం తెలివైన పనే.

ఒక మాట, ఇండియాలో కొని అమెరికా పట్టుకెళ్దామనుకునేవాళ్లకి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన కళావస్తువుల్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. అమ్మేవాడు 'ఏం కాదు సార్' అన్నాడని సూట్‌కేసులో పెట్టుకోవద్దు.

దూరం నుంచి కొంటుంటే వాట్సాప్‌లో అందమైన ఫొటో ఒకటి చూసి డబ్బు పంపకండి. సంతకం మీద ఏటవాలు వెలుగుతో ఒకటి, అడుగు భాగం ఒకటి, అంచు మందం దగ్గరగా ఒకటి, లోపల లైటు వెలిగించి ఒకటి అడగండి. మొదటి ఫొటో దగ్గరే నసిగితే ఆ బేరం వదిలేయండి.

వచ్చే పాఠం టిఫనీ అనే అమెరికా కంపెనీ చేసిన గాజు షేడ్లు. ఈలోపు హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ గాజు సామాను ఒక్క గంట చూసి రండి, పేర్లు చదవకుండా, ముందు అంచులు మాత్రమే చూడండి.