ఐఏఎస్ బయోడేటా చదవడం ఎలా? 3వ పాఠం: ఏళ్ల లెక్క

పోయిన పాఠంలో అధికారి పేరు పక్కన బ్రాకెట్లో ఉండే ఏడాది సంగతి చూశాం. బ్యాచ్ (సర్వీసులోకి వచ్చిన ఏడాది), కేడర్ (అధికారికి కేటాయించిన రాష్ట్రం) అంటే ఏమిటో ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. ఈసారి పోస్టుల పేర్లు కాసేపు పక్కన పెట్టి, వాటి ఎదురుగా ఉండే తేదీలు చదువుదాం. పెన్ను, కాగితం దగ్గర పెట్టుకోండి. కూడికలు, తీసివేతలే, టెన్షన్ అక్కర్లేదు.

మన నమూనా రిజర్వ్ బ్యాంక్ మాజీ గవర్నర్ దువ్వూరి సుబ్బారావు గారు. 1949 ఆగస్టు 11న ఏలూరులో పుట్టారు. 1972 సివిల్స్‌లో దేశానికే ఫస్ట్. మన ఆంధ్రప్రదేశ్ కేడరే. మొదట పార్వతీపురం సబ్ కలెక్టర్. తర్వాత బయోడేటాలో ఇలా ఉంటుంది: 1988–93 కేంద్ర ఆర్థిక శాఖలో జాయింట్ సెక్రటరీ, 1993–98 ఆంధ్రప్రదేశ్ ఆర్థిక శాఖ కార్యదర్శి.

1993లోంచి 1988 తీసేయండి. అయిదు. కేంద్రంలో జాయింట్ సెక్రటరీ డిప్యుటేషన్‌కు (రాష్ట్ర కేడర్ అధికారి కొన్నాళ్లు కేంద్రంలో పనిచేయడానికి) మామూలుగా ఇచ్చే గడువు సరిగ్గా అయిదేళ్లే. అది తీరాక సొంత కేడర్‌కు రావాలి. అంటే 1993 దగ్గర కథేమీ లేదు, గడువు అయింది, హైదరాబాద్ వచ్చారు. కొత్తగా చదివేవాళ్లు ఇలాంటి చోట "ఢిల్లీ నుంచి పంపించేశారట" అనేస్తారు. ఎవరైనా ఏడాదిన్నరకే తిరిగొస్తే అప్పుడు అడగాలి ఎందుకని. అప్పుడు కూడా సొంతంగా అడిగి వచ్చారేమో చూడాలి.

ఇక రిటైర్మెంట్. 60 ఏళ్లు నిండిన నెల ఆఖరి రోజు. (ఒకటో తారీఖున పుట్టినవాళ్లకు మాత్రం ముందు నెలాఖరుకే అయిపోతుంది.) 1949 ఆగస్టుకు 60 కలిపితే 2009 ఆగస్టు 31. మరి ఈయన 2013 సెప్టెంబర్ 4 దాకా రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌గా ఉన్నారే?

ఇక్కడే చాలామంది తడబడతారు. అది సర్వీసు పొడిగింపు కాదు. గవర్నర్ పదవి ఐఏఎస్ కేడర్ పోస్టే కాదు, 1934 నాటి రిజర్వ్ బ్యాంక్ చట్టం కింద వేసే నియామకం. దానికి 60 ఏళ్ల లెక్క వర్తించదు. ముందు మూడేళ్లకు వేశారు, ఆ తర్వాత రెండేళ్లు పెంచారు. కాబట్టి కాగితం మీద ఆయన గవర్నర్‌గా చేరిన 2008 సెప్టెంబర్ 5 దగ్గర అడ్డంగా ఒక గీత గీయండి. పైన ఉన్నది ఐఏఎస్ కెరీర్, కింద ఉన్నది వేరే ఖాతా. ఆ గీత దాటిన పది రోజులకే అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసింది. బయోడేటాలో మాత్రం ఆ గవర్నర్ వరస కూడా మిగతా వరసల్లాగే చప్పగా ఉంటుంది.

ఒక జాగ్రత్త. తేదీలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే తప్పు అచ్చు అనుకోకండి. ఒకరే రెండు కుర్చీల్లో ఉండొచ్చు. బదిలీ జీవోల్లో దాన్ని "పూర్తి అదనపు బాధ్యతలు" అంటారు. నేను పత్రిక డెస్కులో కొత్తగా చేరినప్పుడు ఆ మాట చూసి "ఫలానా అధికారికి ప్రమోషన్" అని హెడ్డింగ్ పెట్టేశాను. పొద్దున్నే ఆయనే ఫోన్ చేశారు. "బాబూ, ప్రమోషన్ కాదు, ఇంకో టేబుల్ ఫైళ్లు కూడా నా నెత్తినే పడ్డాయి" అన్నారు.

ఈ వారం హోంవర్క్: ఎస్.ఆర్. శంకరన్ గారు. 1934లో పుట్టారు. ఏపీ కేడర్, అయినా త్రిపురకు చీఫ్ సెక్రటరీగా చేశారు. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా 1992లో రిటైరయ్యారు. మన లెక్క ప్రకారం 1994 రావాలి. రెండేళ్లు ఎక్కడ పోయాయి? ఆయనేమీ ముందుగా తప్పుకోలేదు. 1998లో కేంద్రం మార్చిన ఒక నిబంధన వెతకండి, దొరుకుతుంది. త్రిపుర సంగతి నాలుగో పాఠంలో.