కారు టైర్లు కొనే ముందు చూసుకోవలసినవి

అనంతపురంలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కనుక, 44వ జాతీయ రహదారి మీద కర్నూలుకో బెంగళూరుకో తరచూ వెళ్లేవారు ధర అడగడానికి ముందే టైరు పక్క భాగంపై ఉన్న అంకెలను చదవాలి. 185/65 ఆర్15 88హెచ్ అని ఉంటే, 88 అన్నది ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదని, హెచ్ అన్నది గంటకు 210 కిలోమీటర్ల వేగాన్ని తట్టుకోగలదని తెలుపుతాయి. కారు కంపెనీ సూచించిన దానికంటే ఇవి తగ్గకూడదు.

తయారీ తేదీ తప్పక చూడండి. టైరు పక్క భాగంపై DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు 2324 అయితే అది 2024లో 23వ వారపు సరుకు.

మైలేజీ, పట్టు రెండూ ఒకేచోట సులభంగా దొరకవు. రోలింగ్ రెసిస్టెన్స్ (దొర్లేటప్పుడు టైరుకు ఎదురయ్యే నిరోధం) తక్కువగా ఉన్న టైరు ఇంధనాన్ని ఆదా చేసినా, కొన్ని రకాలలో తడి రోడ్డుపై బ్రేకు వేసినప్పుడు కారు ఆగే దూరం పెరుగుతుంది. సిలికా కలిపిన రబ్బరు ఈ లోటును చాలావరకు పూడుస్తుంది. మన సీమలో వానలు తక్కువే కదా అని తడి పట్టును వదులుకోవడం నా దృష్టిలో సరికాదు, ఎందుకంటే చాలా రోజుల తర్వాత పడే తొలి వానకే దుమ్ము, నూనె కలిసి రోడ్డు బాగా జారుతుంది.

రెండు టైర్లే కొంటే, కొత్తవి వెనుక చక్రాలకు వేయించాలి. గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఎండకు పీడనం పెరిగిందని మధ్యలో గాలి తీయించకూడదు.