సీసపు తీగ ఎంత కరెంటు మోయగలదో లెక్కకట్టే పద్ధతి

బాగా చల్లబరిస్తే విద్యుత్ నిరోధం పూర్తిగా పోయే పదార్థమే అతివాహకం. నిరోధమే లేనప్పుడు అందులో ఎంత కరెంటైనా పంపవచ్చు కదా అని అనంతపురంలో నా డిగ్రీ తరగతిలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. బోరు మోటారులో వైండింగు వేడెక్కి కాలిపోవడం ఈ పిల్లలు కళ్లారా చూసినదే. అతివాహకానికి ఆ వేడి బాధ లేకపోయినా, తనలోని కరెంటు పుట్టించే అయస్కాంత క్షేత్రమే దానికి హద్దు అవుతుందని అమెరికా భౌతిక శాస్త్రవేత్త సిల్స్‌బీ 1916లోనే చెప్పాడు. ఆ హద్దును మీరే లెక్కకట్టవచ్చు.

సీసం 7.2 కెల్విన్ల దిగువన అతివాహకమవుతుంది. సున్నా కెల్విన్ దగ్గర దాని సందిగ్ధ క్షేత్రం, అంటే అతివాహకతను పోగొట్టే అయస్కాంత క్షేత్రం, సుమారు 80 మిల్లీటెస్లాలు. తీగ 4.2 కెల్విన్ల ద్రవ హీలియంలో ఉన్నదనుకోండి. 4.2ను 7.2తో భాగించి, వర్గం చేసి, ఒకటిలోంచి తీసివేస్తే 0.66 వస్తుంది. దానిని 80తో గుణిస్తే 4.2 కెల్విన్ల దగ్గర సందిగ్ధ క్షేత్రం 53 మిల్లీటెస్లాలు, అంటే 0.053 టెస్లాలు. ఈ విలువను మీటర్లలో తీగ వ్యాసార్ధంతోనూ, ఆపైన 50 లక్షలతోనూ గుణిస్తే తీగ మోయగల కరెంటు ఆంపియర్లలో వస్తుంది. ఇది తీగలోని కరెంటుకూ, దాని ఉపరితలం మీది క్షేత్రానికీ సంబంధం చెప్పే ఆంపియర్ నియమమే. ఒక మిల్లీమీటరు మందం తీగకు దాదాపు 130 ఆంపియర్లు. వ్యాసార్ధానికి బదులు వ్యాసం వేస్తే జవాబు రెట్టింపవుతుంది, జాగ్రత్త.

మందం రెట్టింపు చేస్తే వైశాల్యం నాలుగింతలవుతుంది కాబట్టి కరెంటూ నాలుగింతలని చాలామంది రాస్తారు. కాదు, రెండింతలే. అప్పుడు నేను బోర్డు మీద తీగ అడ్డుకోతలాగా పెద్ద సున్న గీయించి, దాని అంచును మాత్రమే సుద్దతో దిద్దమంటాను. 1933లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ చూపినట్లు అతివాహకం తన లోపలి నుంచి క్షేత్రాన్ని వెళ్లగొడుతుంది. లోపల కరెంటు పారితే అక్కడ క్షేత్రం ఉండక తప్పదు కనుక, కరెంటు అంతా కొన్ని పదుల నానోమీటర్ల పైపొరలోనే సాగుతుంది. ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

దగ్గరలో వేరే అయస్కాంతం ఉంటే దాని క్షేత్రం కూడా తీగ ఉపరితలం మీద కలుస్తుంది గనుక హద్దు ఇంకా తగ్గుతుంది. ఎంఆర్ఐ యంత్రాల్లో వాడే నియోబియం-టైటానియం తీగకు మాత్రం ఈ లెక్క వేయకండి. అది రెండో రకం అతివాహకం. క్షేత్రం సన్నని పోగులుగా దాని లోపలికి చొరబడుతుంది, ఆ పోగులు కదలకుండా లోహంలోని లోపాలు ఎంత గట్టిగా పట్టి ఉంచగలవన్నదే అక్కడ కరెంటు హద్దును తేలుస్తుంది.