చిన్న లెన్సును పెద్ద సెన్సర్‌కు బిగించడం ఎలా?

పాత సీసీటీవీ కెమెరా లెన్సో, 16 ఎం.ఎం. సినిమా కెమెరా లెన్సో చేతికి వస్తే, అడాప్టర్ కొనకముందే ఒక తెల్లకాగితం తీసుకోండి. వీటిలో ఎక్కువ భాగం సి-మౌంట్ లెన్సులు, అంటే అంగుళం వ్యాసమున్న మర. అడాప్టర్ ఆ మరను కెమెరాకు కలుపుతుందే తప్ప లెన్సు వేసే బొమ్మను పెద్దది చేయదు. ఆ బొమ్మ సెన్సర్‌కు, అంటే కెమెరాలో ఫిల్ము స్థానంలో ఉండి బొమ్మను పట్టే పలకకు, సరిపోతుందో లేదో ముందే కొలుచుకోవాలి.

గదిలో దీపాలు ఆర్పి ఒక్క కిటికీ తెరవండి. విజయవాడలో మా కిటికీకి ఇంద్రకీలాద్రి కనిపిస్తుంది కాబట్టి నేను కొండకే గురిపెడతాను. ఫోకస్‌ను అతిదూరాన్ని సూచించే ఇన్ఫినిటీ గుర్తు (∞) దగ్గర పెట్టి, అపెర్చర్‌ను, అంటే వెలుతురు వచ్చే రంధ్రాన్ని, పూర్తిగా తెరిచి, లెన్సు వెనక కాగితాన్ని మెల్లగా జరపండి. లెన్సు కెమెరాకు ఆనే అంచు నుంచి దాదాపు 17.5 మి.మీ. దూరంలో కొండ తలకిందులుగా, గోరంతగా కాగితం మీద వాలుతుంది. మొదటిసారి అది చూసి కొలత సంగతే మరిచిపోయాను! 12.5 మి.మీ. దగ్గరే బొమ్మ తేటపడితే అది సీఎస్-మౌంట్. దాన్ని పక్కన పెట్టేయండి, మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల్లో దానితో దూరపు దృశ్యాలు రావు.

ఇప్పుడు వెలుగు వలయం చుట్టూ పెన్సిలుతో గీసి వ్యాసం కొలవండి. మిర్రర్‌లెస్ కెమెరాల్లో చిన్న రకమైన మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సర్ నిండాలంటే 21.6 మి.మీ. కావాలి. అంతకన్నా పెద్ద సెన్సర్లలో ఏపీఎస్-సీకి సుమారు 28, ఫుల్‌ఫ్రేమ్‌కు 43. 50, 75 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న, దూరాన్ని దగ్గర చేసే లెన్సుల వలయం తరచుగా పెద్దగా ఉంటుంది. వెడల్పు దృశ్యం చూపే వైడ్ లెన్సులతో ఆశ పెట్టుకోవద్దు.

నా సలహా మైక్రో ఫోర్ థర్డ్స్. అందులో మౌంట్ నుంచి సెన్సర్‌కు 19.25 మి.మీ. దూరం, సి-మౌంట్‌కు కావలసిన 17.5 కన్నా ఎక్కువ, అందుకే లెన్సు అడాప్టర్ లోపలికి కాస్త దిగి కూర్చోవాలి. లావుపాటి లెన్సులు అక్కడే అంచుకు తగిలి ఆగిపోతాయి. వెనక భాగం షట్టర్‌కు తగలకుండా నెమ్మదిగా తిప్పండి, బిగువు తగిలితే ఆగిపోండి. తర్వాత మెనూలో, లెన్సు లేకున్నా ఫొటో తీసే వీలును ఆన్ చేయండి.

సాయంత్రం ప్రకాశం బ్యారేజీకి వెళ్లి సీతానగరం వైపు దీపాలకు ఫోకస్ చేయండి. కిలోమీటరు దాటిన ఆ దీపాలు చివరిదాకా తిప్పినా మసకగానే ఉంటే లెన్సు సెన్సర్‌కు దూరంగా కూర్చుంది, ఇంకా పలుచని అడాప్టర్ కావాలి.

మూలల్లో వెలుగు తగ్గితే కంప్యూటర్‌లో సరిచేయవచ్చు. పూర్తిగా నల్లబడితే అక్కడ బొమ్మే లేదు. అయినా, ఉదాహరణకు 18.4 మి.మీ. వ్యాసమున్న వలయంలో 13 మి.మీ. చతురస్రం నిండుగా పడుతుంది. ఉండవల్లి గుహల స్తంభాలను నేను అలా చతురస్రంగానే తీస్తాను.