జానపద గాయకులకు పిలుపులు రావాలంటే: గొంతు, పరిచయాలు

పరిచయం మొదటి కార్యక్రమం ఇప్పిస్తుంది. రెండోసారి పిలవాలంటే మాత్రం పాట పలకాలి. అందుకే ముందు 40 నిమిషాలకు సరిపడా, అంటే 8 నుంచి 10 పాటలు కాగితం చూడకుండా పాడగలిగేలా సిద్ధం చేసుకోండి. ప్రతి పాట పక్కనా మీ శ్రుతి రాసిపెట్టుకోండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఇంట్లో హాయిగా కుదిరిన శ్రుతినే వేదిక మీదా పెట్టుకుంటారు. ఉత్సాహంలో వేగం పెరుగుతుంది, ఊపిరి చాలదు, మూడో పాటకే పైస్థాయిలో గొంతు జీరపోతుంది. శ్రుతిని అర మెట్టు దించి, నిలబడి, ఆగకుండా మొత్తం పాడి సాధన చేయండి.

నిర్వాహకులకు వినిపించే నమూనా రికార్డింగు 2 నిమిషాలు చాలు. బట్టలు, పరుపులు ఉన్న గదిలో ఫోను మూరెడు దూరంలో పెడితే ప్రతిధ్వని తగ్గుతుంది. పల్లవి మొదటి 15 సెకన్లలోనే వచ్చేయాలి.

ఇక పరిచయాలు. పెద్దల చుట్టూ తిరిగేకన్నా వాద్యకారులతో కూర్చోండి. వాళ్లు ఎందరో గాయకులతో పనిచేస్తారు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే మీ పేరు చెప్పేది వాళ్లే. ప్రధాన గాయకుల వెనక వంత పాడమంటే కాదనకండి. అది తక్కువ పని కానే కాదు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడే తెలుస్తుంది.

పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో వేదిక మీద తప్పకుండా చెప్పండి. ఆ పేరు మింగేస్తే వాళ్లు మరో పాట నేర్పరు, ఆ మాట మిగతా కళాకారులకూ చేరుతుంది.

మర్నాడు నిర్వాహకులకు కృతజ్ఞతలతో చిన్న వీడియో పంపండి. జవాబు రాకపోతే నెలాగి ఒక్కసారే అడగండి.